ఇంట్లో సాఫ్ట్‌బాల్ ప్రాక్టీసు: అమ్మాయిని మానిపించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి చదువుతోంది. బడి తరఫున సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. ఈ వానలకి బడి గ్రౌండంతా రేగడి బురదై నెల రోజులుగా ఆట లేదు. అందుకని ఇంట్లోనే హాల్లో బ్యాటు ఊపుతోంది. రోజుకి మూడు వందల సార్లు ఊపితేగాని ఆట రాదని ఫోనులో ఎవరో చెప్పారట. దాని తమ్ముడు ఏడేళ్లవాడు పక్కన కూర్చుని బంతి ఎగరేసి అందిస్తాడు. నాలుగు రోజుల క్రితం బంతి గోడకు కొట్టుకుని తిరిగివచ్చి వాడి కంటి దగ్గర తగిలింది. కనుబొమ్మ వాచింది. ఇప్పుడు వాపు తీసింది, బాగానే కనిపిస్తోందంటున్నాడు. అమ్మాయికి మాత్రం ఎడమ అరచేతిలో పది రోజులుగా నొప్పి. ఎవరికైనా చెబితే ఆట మానిపిస్తారని దాచింది. మా అత్తగారు, ఆడపిల్ల అట్లా నడుము తిప్పితే గర్భసంచి జారుతుంది, వెంటనే మానిపించమంటున్నారు. మా వారు ఎటూ చెప్పరు. వచ్చే నెలలో జిల్లా జట్టు ఎంపిక వుంది. అది ఏడుస్తోంది. మానిపించమంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీరు అడిగింది అమ్మాయి సంగతి. నేను ముందు చెప్పవలసింది అబ్బాయి సంగతి. మీ ఉత్తరంలో చిరునామా వుంది కాబట్టి, అందిన రోజునే ఒక కార్డు రాసి పోస్టులో వేశాను: అబ్బాయిని ఆలస్యం చెయ్యకుండా కంటి డాక్టరుకి చూపించండి, అమ్మాయి చేత బ్యాటు పట్టించకండి, తక్కిన విషయాలు పత్రికలో రాస్తాను అని. ఆ తక్కిన విషయాలే ఇవి. సాఫ్ట్‌బాల్ కాకపోయినా, హాల్లో క్రికెట్టు ఆడే మగపిల్లలున్న ఇళ్లవాళ్లు కూడా చదవదగినవే.

కంటికి దెబ్బ తగిలిన పిల్లవాడు "బాగానే కనిపిస్తోంది" అంటే మనం సంతోషించి వూరుకుంటాం. కాని రెండు కళ్లూ తెరుచుకుని చూస్తున్నప్పుడు ఒక కన్ను మసకబారినా పిల్లలకి తెలియదు. రెండో కన్ను ఆ లోటు కప్పేస్తుంది. ఒక కన్ను అరచేత్తో మూసి, రెండో కంటితో గోడమీద క్యాలెండరు చదివించండి. తరువాత రెండో కన్ను మూసి చదివించండి. ఇది ఎవరైనా ఇంట్లో చెయ్యగల పరీక్ష. అయితే ఇందులో నెగ్గాడు కదా అని డాక్టరు దగ్గరికి వెళ్లటం మానకూడదు.

ఎందుకంటే మొద్దుదెబ్బ తగిలినప్పుడు కంటి లోపల జరిగేవి బయటికి కనిపించవు. నల్లగుడ్డు వెనక, కనుపాప ముందు, నీరు నిండిన చిన్న గది వంటిది వుంటుంది. దెబ్బకు అక్కడ రక్తం చేరవచ్చు. ఒక్కొక్కప్పుడు నల్లగుడ్డు అడుగున ఎర్రని గీతలాగా ఆ రక్తం పేరుకుని కనిపిస్తుంది. ఒక్కొక్కప్పుడు డాక్టరు యంత్రంతో చూస్తేగాని తెలియదు. మొదటి రోజు కొద్దిగా కారి ఆగిన రక్తం నాలుగైదు రోజులకి మళ్లీ ఎక్కువగా కారవచ్చు, కంట్లో ఒత్తిడి పెరిగిపోవచ్చు. మీరు ఉత్తరం రాసిన నాలుగో రోజు సరిగ్గా ఆ ప్రమాదం పొంచివుండే రోజు. అందుకే కార్డు రాశాను. ఇక కంటి వెనక గోడకు అంటుకుని వుండే రెటీనా అనే పొర చిరిగితే, వారాల తరువాత, నెలల తరువాత కూడా ఊడిపోవచ్చు. కళ్ల ముందు మెరుపులు మెరిసినట్లుండటం, నల్లని చుక్కలు తేలటం, ఒక పక్కనుంచి తెర దించినట్లు చీకటి కమ్మటం దాని గుర్తులు. కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, లోపలిదాకా చూస్తేగాని ఈ సంగతి తేలదు.

పిల్లల్లో ఇంకొకటి వుంది. కంటిగుడ్డు కూర్చునే ఎముక గూటి అడుగుభాగం చాలా పలచన. దెబ్బకు అది చిట్లి, కంటిని తిప్పే కండరం ఆ పగులులో ఇరుక్కుపోతుంది. పైకి చూస్తే కన్ను తెల్లగా, శుభ్రంగా, వాపు కూడా లేకుండా వుంటుంది. కాని పిల్లవాడు పైకి చూడలేడు, చూడబోతే నొప్పి, వాంతులు, ఒకటి రెండుగా కనపడటం. కడుపులో తేడా చేసిందనుకుని వాంతుల మందు వేసి పడుకోబెడతారు. ఇది గంటల మీద ఆపరేషన్ చెయ్యవలసిన స్థితి. కంటి దగ్గర దెబ్బ తగిలిన పిల్లవాడికి వాంతులైతే అది కడుపు జబ్బు కాదు, కంటి జబ్బో తల జబ్బో అనుకుని బయలుదేరండి.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేస్తున్న ఆసుపత్రికి పదేళ్ల పిల్లవాణ్ణి తెచ్చారు. ఇంట్లో అన్నదమ్ములు ఆడుకుంటుంటే బంతి కంట్లో తగిలింది. మొదటి రోజు పొరుగింటావిడ చెబితే చనుబాలు పిండారు. రెండో రోజు ఆముదం చుక్క వేశారు. మూడో రోజు నొప్పి ఎక్కువైతే ఇంట్లో వున్న తలనొప్పి బిళ్ల మింగించారు. అది ఆస్పిరిన్. ఆస్పిరిన్ రక్తాన్ని పలచన చేస్తుంది, లోపల ఆగిన రక్తం మళ్లీ కారుతుంది. నాలుగో రోజు నా దగ్గరికి వచ్చేసరికి కన్ను గట్టి రాయిలాగా వుంది. వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపించాం. కన్ను మిగిలింది గాని చూపు ఆట్టే మిగల్లేదు. ఆ తల్లి నన్నడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: "మొదటి రోజే వస్తే బాగయ్యేదా బాబూ?" ఏం చెప్పను? వున్నది చెప్పాను.

కాబట్టి కంటికి దెబ్బ తగిలితే చెయ్యవలసినవి కొద్దిగా, చెయ్యకూడనివి ఎక్కువగా వున్నాయి. నలపవద్దు. ఒత్తవద్దు. పాలు, ఆముదం, తేనె, కాటుక ఏమీ వద్దు. తల కాస్త ఎత్తుగా పెట్టి పడుకోబెట్టండి. కంటికి తగలకుండా చుట్టూ ఎముక మీద మాత్రమే ఆనేటట్లు చిన్న కాగితపు కప్పు లాంటిది పెట్టి, మీద పలచగా గుడ్డ కట్టి, ఆ రోజే కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. నొప్పికి పారాసిటమాల్ చాలు. తలకు కూడా దెబ్బ తగిలి పిల్లవాడు మాటిమాటికీ వాంతి చేసుకుంటున్నా, మత్తుగా వున్నా, ఒక కనుపాప పెద్దగా ఒకటి చిన్నగా వున్నా, ముక్కులోనుంచి చెవిలోనుంచి నీరు కారుతున్నా 108కి ఫోను చెయ్యండి. దెబ్బ తగిలాక కొంతసేపు లేచి తిరిగి, ఆ తరువాత మత్తులోకి జారే పిల్లలు కూడా వుంటారు, నమ్మి వూరుకోకండి.

ఇక అమ్మాయి సంగతికి వద్దాం.

నేను సాఫ్ట్‌బాల్ ఆడినవాణ్ణి కాదు. మా రోజుల్లో ఆ పేరే వినలేదు. మీ ఉత్తరం చూశాక మా వూరి హైస్కూలు డ్రిల్లు మాస్టారిని ఇంటికి పిలిచి, రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. ఆయన మా వసారాలో నా చేతికర్రతోనే బ్యాటు ఊపి చూపించారు. మా ఆవిడ తులసికోట పక్కకు జరుపుకుంది.

ఆయన చెప్పినదాంట్లో నాకు వింతగా తోచింది ఏమిటంటే, ఈ ఆట పుట్టిందే నాలుగు గోడల మధ్య. 1887లో అమెరికాలో చికాగో నగరంలో, ఫారగట్ బోట్ క్లబ్బులో కొందరు యువకులు చేరి, హార్వర్డ్, యేల్ కళాశాలల ఫుట్‌బాల్ పందెం ఫలితం కోసం కూర్చున్నారట. ఫలితం తెలిసిన ఉత్సాహంలో ఒకడు బాక్సింగు తొడుగు విసిరితే ఇంకొకడు దాన్ని కర్రతో కొట్టాడు. జార్జి హాన్‌కాక్ అనే ఆయన ఆ తొడుగుని దాని తాళ్లతోనే బంతిలాగా చుట్టి ఆట మొదలుపెట్టించాడు. చలికాలంలో బేస్‌బాల్ ఆడటానికి వీలుకాని రోజుల్లో ఇంటికప్పు కింద ఆడే ఆటగా అది పెరిగింది. సాఫ్ట్‌బాల్ అనే పేరు 1926లో వచ్చింది. 1996 నుంచి 2008 వరకు ఒలింపిక్సులో ఆడవాళ్ల ఆటగా వుండి, మధ్యలో పోయి, 2021లో జరిగిన టోక్యో పోటీల్లో మళ్లీ కనిపించింది.

కాని అమ్మా, ఆ బోట్ క్లబ్బులో కొట్టింది గుడ్డలాంటి తొడుగు. ఇప్పటి సాఫ్ట్‌బాల్ పేరుకే సాఫ్టు. చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు 178 నుంచి 198 గ్రాములు. క్రికెట్టు బంతి 163 గ్రాములకు మించదు. అంటే మీ హాల్లో ఎగిరేది క్రికెట్టు బంతికన్నా బరువైనది. ఇంటి గోడ దాని వేగాన్ని ఏమాత్రం మింగుకోదు, తిరిగి పంపేస్తుంది. మీ బాబుకి ఒక అదృష్టం ఏమిటంటే, ఆ బంతి కంటి గూటికన్నా పెద్దది, చాలాభాగం దెబ్బ చుట్టూ వున్న ఎముక కాస్తుంది. కనుబొమ్మ వాచింది అందుకే.

నా తీర్పు సూటిగా చెబుతాను. అసలు సాఫ్ట్‌బాల్ బంతిని బ్యాటుతో ఇంట్లో కొట్టకూడదు. ఒక్కసారి కూడా వద్దు. బ్యాటు ఊపటం నేర్చుకోవటం వేరు, బంతిని కొట్టటం వేరు. మొదటిది ఇంట్లో చక్కగా అభ్యాసం చెయ్యవచ్చు. రెండోదానికి మెత్తటి బంతులు వాడాలి.

పాత మేజోళ్లు రెండు మూడు కలిపి ఉండ చుట్టి కుట్టేస్తే మంచి బంతి అవుతుంది. లేదా న్యూసుపేపరు ఉండ చేసి పైన పాత చీరముక్క చుట్టండి. బజారులో చిల్లులున్న తేలికపాటి ప్లాస్టిక్ బంతులు దొరుకుతాయి, అవీ మంచివే. డ్రిల్లు మాస్టారు పాత షటిల్ కాకులు వాడతారట. అవి బ్యాటుకి తగలగానే వేగం తగ్గిపోయి దగ్గర్లోనే పడతాయి, చిన్నవి కాబట్టి చూపు కూడా కుదురుతుంది. ఆట దృష్టితో ఆయన మాట నిజమే కావచ్చు. కంటి దృష్టితో నాకు ఒక అభ్యంతరం వుంది. షటిల్ కాకు బిరడా చిన్నది, కంటిగూటిలో సరిగ్గా ఇమిడిపోతుంది, ఎముక కాపాడదు. బాడ్మింటన్ ఆటలో కళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. అందుకని షటిల్ కాకు వాడితే, అందించేవాళ్లు పెద్దవాళ్లై వుండాలి, బ్యాటు ఊపే దారికి ఎదురుగా కూర్చోకూడదు, పాలికార్బొనేట్ అద్దాల కళ్లజోడు పెట్టుకోవాలి. మామూలు గాజు కళ్లజోడు వుంటే తియ్యమనండి. అది పగిలి కంట్లో గుచ్చుకుంటే బంతికన్నా ఎక్కువ హాని.

అసలు అందించే మనిషి లేకుండానే సరిపెట్టుకోవచ్చు. ఖాళీ పెయింటు డబ్బాలో నడుమెత్తు పి.వి.సి. పైపు నిలబెట్టి, డబ్బాలో సిమెంటో తడి ఇసకో నింపండి. పైపు చివర పాత సైకిలు ట్యూబు ముక్క ఒక జానెడు తొడగండి. దానిమీద మేజోళ్ల బంతి కూర్చుంటుంది. బ్యాటు తగిలినా రబ్బరు వంగి వూరుకుంటుంది. ఎదురుగా ఒక దుప్పటి వదులుగా వేలాడదీయండి. బిగించి కడితే బంతిని వెనక్కి తంతుంది. వదులుగా వుంటేనే మింగుతుంది. ఏడేళ్ల తమ్ముడు ఆ సమయానికి ఆ గదిలో వుండకూడదు. తలుపు వేసి లోపల గడియపెట్టుకోమనండి. పిల్లలు చప్పుడు లేకుండా వెనకనుంచి వస్తారు.

చోటు ఎంత కావాలంటారా? అమ్మాయి మధ్యలో నిలబడి, బ్యాటు చేతపట్టి చెయ్యి చాచి, చుట్టూ మెల్లగా తిరగాలి. ఆ కొస ఎంతవరకు పోతుందో దానికి ఇంకొక మూర కలపండి. మొత్తం మీద అన్ని వైపులా ఏడడుగులు కావాలి. బ్యాటు పిడి చెమటకు జారి చేతిలోనుంచి ఎగిరిపోవటం సామాన్యం. కాబట్టి పిడికి చుట్టిన పట్టీ అరిగిపోయి వుంటే మార్పించండి, చెయ్యి తుడుచుకోవటానికి తువ్వాలు దగ్గర వుంచండి. పైన ట్యూబులైటు, పక్కన స్విచ్చిబోర్డు, వేలాడే వైరు లేనిచోటు చూడండి. అల్యూమినియం బ్యాటు కరెంటుకి దారి ఇస్తుంది. ఇంట్లో చోటు చాలదని డాబా మీదికి వెళితే వెళ్లవచ్చు గాని, పిట్టగోడ దగ్గర వద్దు. దూరాన ఉరుము వినపడినా సరే, వెంటనే దిగి రావాలి. వానాకాలంలో మన జిల్లాల్లో ఏటా పిడుగులకు మనుషులు పోతూనే వున్నారు.

మీ అత్తగారి గురించి ఒక మాట. ఆవిడ చెప్పిన కారణం సరికాదు, ఆవిడ భయపడటం మాత్రం తప్పు కాదు. గర్భసంచి కటి ఎముకల మధ్య, బలమైన కండరాల మీద, బంధనాల మధ్య భద్రంగా వుంటుంది. బ్యాటు ఊపితే, పరుగెత్తితే, గెంతితే అది జారదు. గర్భసంచి జారటం ఎక్కువగా కష్టమైన కాన్పులు, వెంటవెంటనే కాన్పులు, పురిటి పచ్చి ఆరకముందే బరువులు మొయ్యటం, వయసు మీద పడటం వల్ల వస్తుంది. బహుశా ఆవిడ కాలంలో అట్లా బాధపడ్డ ఆడవాళ్లను చూసి వుంటారు. ముట్టు రోజుల్లో కూడా అమ్మాయికి ఓపిక వుంటే ఆడవచ్చు, లేకపోతే మానవచ్చు. అది ఆ పిల్ల ఇష్టం. ఇక ఆవిడకి నిజంగా వున్న ప్రమాదం వేరే వుంది. ఆట అయ్యాక బంతులు నేలమీద దొర్లుతుంటాయి. రాత్రి లేచిన ముసలమ్మ కాలికింద ఒక్క బంతి పడితే తుంటి ఎముక విరుగుతుంది. ప్రాక్టీసు అయిన వెంటనే బంతులు లెక్కపెట్టి బుట్టలో వెయ్యటం అమ్మాయి పని.

రోజుకి మూడు వందలసార్లు అనే మాట నాకు నచ్చలేదు. ఫోనులో చెప్పేవాడికి మీ పిల్ల మణికట్టు కనిపించదు. బ్యాటు ఊపుకి బలం చేతుల్లోంచి రాదని డ్రిల్లు మాస్టారు చెప్పారు. పాదాలు, తొడలు, నడుము ముందు తిరగాలి, చేతులు వాటి వెంట రావాలి. బాగా ఊపితే చివరికి బొడ్డు బంతి విసిరేవాళ్ల వైపు తిరిగి వుండాలట. యాభై అరవై సార్లు ఊపేసరికి కాళ్లు అలుస్తాయి. అప్పటినుంచి పిల్ల చేతులతో మాత్రమే లాగుతుంది. ఆ మిగిలిన రెండు వందల నలభైలో నేర్చుకునేది తప్పు ఊపు, దానితోబాటు నొప్పి. పది ఊపాలి, ఒక నిమిషం ఆగాలి, మళ్లీ పది. అట్లా అయిదారు విడతలు చాలు. అద్దం ముందు నిలబడి, బంతి లేకుండా, నెమ్మదిగా ఊపి చూసుకోవటం ఇంట్లో చెయ్యగల అభ్యాసాల్లో మంచిది. మొదలుపెట్టే ముందు అయిదు నిమిషాలు నడిచి, గుంజీలు తీసి ఒళ్లు వేడెక్కించుకోవాలి. వారానికి ఒకరోజు బ్యాటు ముట్టకూడదు. వారం మొత్తం మీద ఆటకి, అభ్యాసానికి పోయే గంటలు పిల్ల వయసుకి వున్న అంకె దాటకూడదని క్రీడా వైద్యులు చెబుతారు. మీ అమ్మాయికి పద్నాలుగు గంటలన్నమాట.

బ్యాటు బరువు కూడా చూడండి. బడిలో వున్నది పెద్దవాళ్ల బ్యాటు అయివుంటుంది. నిబంధనల ప్రకారం 34 అంగుళాలదాకా పొడవు వుండవచ్చు గాని, వుండి తీరాలని లేదు. పిల్ల ఒంటిచేత్తో బ్యాటు పిడి పట్టుకుని భుజం ఎత్తులో పక్కకు చాచి నిలబడాలి. ఇరవై అంకెలు లెక్కపెట్టేలోపు చెయ్యి వణికి దిగిపోతే ఆ బ్యాటు ఆ పిల్లకి బరువు. కొన్నిచోట్ల బలం రావాలని ఇనపగొట్టాలు ఊపిస్తారు, బ్యాటుకి బరువు కడియాలు తొడుగుతారు. కడియం తీసేశాక బ్యాటు తేలికగా అనిపిస్తుంది నిజమే, కాని పరిశోధకులు కొలిచి చూస్తే ఊపు వేగం పెరగకపోగా తగ్గింది. నాకు తెలిసింది ఏమిటంటే, ఎదిగే పిల్లల భుజానికి, నడుముకి ఇనపగొట్టం మంచిది కాదు.

నడుమునొప్పి విషయంలో తల్లులు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎదిగే వయసులో వెన్నెముక కింద భాగంలో, ఒకే పక్కకు వందలసార్లు తిరిగితే, చిన్న ఎముక వంతెన వంటిది నెమ్మదిగా బీటవారవచ్చు. వెనక్కి విల్లులాగా వంగితే నొప్పి ఎక్కువవటం దాని లక్షణం. రెండు వారాలు దాటిన నడుమునొప్పిని ఆటగత్తెల్లో బద్ధకం నొప్పి అని కొట్టెయ్యకూడదు. నున్నటి టైల్సు మీద మేజోళ్లతో ఊపటం కూడా వద్దు, కాలు జారుతుంది. రబ్బరు అడుగున్న కాన్వాసు బూట్లు, పొడినేల కావాలి. వెనక పాదం మడమ లేచి మునివేళ్ల మీద తిరగాలి. పాదం నేలకు అంటుకుపోయి మోకాలు మాత్రం తిరిగితే మోకాలి కీలు మెలిపడుతుంది.

పిల్ల తొందరగా అలిసిపోతోందా, మెట్లెక్కితే ఆయాసపడుతోందా? మన దేశంలో పదిహేనునుంచి పందొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో పదిమందికి ఆరుగురు దాదాపు రక్తం తక్కువైనవాళ్లే. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్రని కిటికీలోంచి పారెయ్యకుండా అన్నం తిన్నాక మింగమనండి. మింగిన వెంటనే టీ, కాఫీ ఇవ్వకండి.

చివరికి అసలు సంగతి, ఎడమ అరచెయ్యి. దీనిగురించే నాకు అనుమానం. కుడిచేతివాటం పిల్ల బ్యాటు పట్టుకున్నప్పుడు ఎడమచెయ్యి కింద వుంటుంది. పిడి చివర గుండులాంటి భాగం సరిగ్గా అరచేతి అడుగున, చిటికెనవేలి వైపు ఆనుతుంది. అక్కడ లోపల హామేట్ అనే చిన్న ఎముకకు కొక్కెంలాంటి ముక్క ఒకటి వుంది. ఊపు ఊపుకీ ఆ గుండు దాన్ని పొడుస్తుంది. ఒకనాటికి అది చిట్లుతుంది. వాపు ఆట్టే వుండదు. పిల్లలు బొబ్బల నొప్పి అనుకుంటారు. ఆ చోట బొటనవేలితో గట్టిగా నొక్కితే పిల్ల చెయ్యి లాక్కుంటుంది, గట్టిగా పిడికిలి బిగించలేదు, చిటికెన, ఉంగరపు వేళ్లలో తిమ్మిరి వుండవచ్చు. నిర్లక్ష్యం చేస్తే విరిగిన ముక్క అతుక్కోదు, అక్కడే నడిచే నరం, స్నాయువులు దెబ్బతింటాయి. అవునని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. మామూలు బొబ్బ కూడా కావచ్చు. బొబ్బ అయితే పై తోలు పీకకుండా కడిగి శుభ్రమైన గుడ్డ చుట్టండి, నాలుగు రోజుల్లో మానుతుంది. పది రోజుల నొప్పి బొబ్బ కాదు.

ఇంతవరకు రాసి పత్రికకు పంపబోతుండగా మీ రెండో ఉత్తరం వచ్చింది. అబ్బాయి కంటికి చుక్కలు వేసి చూశారనీ, రెటీనా బాగుందనీ, ఆరు వారాల తరువాత మళ్లీ రమ్మన్నారనీ రాశారు. సంతోషం. ఆ ఆరు వారాల మాట మరచిపోకండి. అమ్మాయి చేతికి ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారనీ, నొప్పి మాత్రం అట్లాగే వుందనీ, ఎంపికకి ఇంక పద్దెనిమిది రోజులే వుందనీ, ఎక్స్‌రే బాగుంది కాబట్టి పంపించవచ్చా అనీ అడిగారు.

పంపించవద్దు. ఆ కొక్కెం ఎముక మామూలు ఎక్స్‌రేలో తక్కిన ఎముకల చాటున దాగిపోతుంది. ఎముకల డాక్టరుకి చూపించి, నొప్పి చోటు వేలుపెట్టి చూపించి, బ్యాటు ఆట ఆడుతుందని నోరు తెరిచి చెప్పండి. ఆయన ప్రత్యేకమైన కోణంలో ఎక్స్‌రేగాని, సి.టి. స్కానుగాని తీయిస్తారు. చిట్లినమాట నిజమైతే ఇప్పుడే పట్టుకుంటే ఆరు వారాలు కట్టు వేస్తే అతుక్కునే అవకాశం వుంది. ఈ ఏడు ఎంపిక పోతుంది. అమ్మాయి నామీద కోపగించుకుంటుంది, కోపగించుకోనివ్వండి. తొమ్మిదో తరగతి పిల్లకి వచ్చే ఏడు కూడా వుంది.

ఆ ఆరు వారాలూ చెయ్యి వూరికే వుంటుంది, కళ్లు వూరికే వుండనక్కర్లేదు. ఆడవాళ్ల పోటీలో బంతి విసిరే గీత 43 అడుగుల దూరంలో వుంటుంది. బాగా విసిరేవాళ్ల బంతి గంటకు వంద కిలోమీటర్లకు పైగా వస్తుంది. అంటే చేతిలోనుంచి వదిలాక అరసెకను కూడా వుండదు. కొట్టటానికన్నా ముందు దాన్ని చూడటం రావాలి. మేజోళ్ల బంతులు ఏడెనిమిది చేసి, ఒక్కొక్కదానిమీద ఒక్కొక్క అంకె స్కెచ్చి పెన్నుతో పెద్దగా రాయండి. మీరు హాలుకి ఆ చివర నిలబడి ఒక్కొక్కటి మెల్లగా విసరండి. అమ్మాయి ఈ చివర, ఆడే భంగిమలోనే, బ్యాటు లేకుండా నిలబడి, బంతి తనను దాటేలోపు అంకె పైకి చెప్పాలి. మెత్తటి బంతులే కాబట్టి దీనికి తమ్ముణ్ణి కూడా గదిలోకి రానివ్వవచ్చు. పడిన బంతులు ఏరి ఇచ్చే పని వాడికి అప్పగించండి.